ఆకాశాన్ని పూర్ణాంకాల్లో కొలిచినవారు: మాయా కాలగణన వెనుక ఉన్న ఖగోళం

జర్మనీలోని డ్రెస్డెన్ నగర గ్రంథాలయంలో, మేడి, మర్రి జాతికి చెందిన చెట్టు నారతో చేసి, పైన సున్నపు పూత పూసి, మడతలు మడతలుగా పేర్చిన ఒక పుస్తకం ఉంది. విప్పి పరిస్తే మూడున్నర మీటర్ల పైచిలుకు పొడవుంటుంది. 1739లో ఆ గ్రంథాలయం చేతికి వచ్చిన ఈ పుస్తకం మెక్సికో, గ్వాటెమాలా ప్రాంతాల మాయా ప్రజలది. అందులో 46 నుంచి 50 వరకు ఉన్న ఐదు పుటల అడుగున ఒకే అంకెల వరుస పదే పదే కనిపిస్తుంది. మాయా లిపిలో చుక్క అంటే ఒకటి, అడ్డగీత అంటే ఐదు, గవ్వ అంటే సున్న. పై అంకెను ఇరవైతో గుణించి, కింది అంకెను కలుపుకోవాలి. అలా చదివితే 11 మీద 16 అన్న జంట 236 అవుతుంది. 4 మీద 10 అన్నది 90. 12 మీద 10 అన్నది 250. గవ్వ మీద 8 అన్నది ఎనిమిదే. నాలుగింటినీ కూడితే 584 వస్తుంది.

శుక్రగ్రహం తెల్లవారుజామున వేగుచుక్కగా తొలిసారి కనిపించిన రోజు నుంచి, మళ్లీ అలాగే కనిపించే రోజు వరకు గడిచే కాలం అది. ఆధునిక లెక్కలో సగటున 583.92 రోజులు. మధ్యలో శుక్రుడు రెండుసార్లు సూర్యకాంతిలో కలిసిపోయి కంటికి కనబడడు. సూర్యుడికి అవతల ఉన్నప్పుడు ఎక్కువ కాలం, సూర్యుడికీ మనకూ నడుమ ఉన్నప్పుడు వారం పైన ఒకటి రెండు రోజులు. ముహూర్తాల కోసం పంచాంగం తిప్పే తెలుగువారికి ఇది కొత్త సంగతి కాదు. మనం శుక్ర మూఢం అనేది దీనినే. డ్రెస్డెన్ పుస్తకంలోని 90, 8 అన్న అంకెలు మాయా ప్రజల పెద్ద మూఢం, చిన్న మూఢం అన్నమాట.

ఇక్కడొక చిక్కు ఉంది. మొత్తం 584 రోజులు ఆకాశంతో చక్కగా సరిపోతున్నాయి గాని, భాగాలు సరిపోవడం లేదు. శుక్రుడు వేగుచుక్కగా కనిపించే కాలం, సందెచుక్కగా కనిపించే కాలం నిజానికి దాదాపు సమానం. ఒక్కొక్కటి సుమారు 263 రోజులు. పెద్ద మూఢం సుమారు 50 రోజులు. పుస్తకమేమో 236, 250, 90 అంటోంది. తరాల తరబడి ఆకాశాన్ని చూసినవారికి ఈ తేడా కనబడలేదని అనుకోలేం. పండితులు చెప్పే వివరణల్లో నాకు బలంగా తోచేది ఒకటుంది: 236 రోజులంటే సరిగ్గా ఎనిమిది చాంద్రమాసాలు, 250 అంటే దాదాపు ఎనిమిదిన్నర, 90 అంటే సుమారు మూడు. శుక్రుడి నడకను చంద్రుడి నడకతో జోడించడానికి వారు భాగాలను సవరించుకొని, మొత్తాన్ని మాత్రం నికరంగా నిలుపుకొన్నారు. మాయా ఖగోళాన్ని అర్థం చేసుకోవడానికి ఈ పుట మంచి తలుపు, ఎందుకంటే వారి ఆసక్తి ఒక్కొక్క గ్రహం మీద కంటే, ఒక చక్రం ఇంకో చక్రంతో ఎప్పుడు కలుస్తుంది అన్న దాని మీద ఎక్కువగా ఉండేది.

చాంద్రమానం సౌరమానానికి వెనుకబడినప్పుడు మన పంచాంగకర్తలు అధికమాసం వేసి రెండింటినీ సరిచేస్తారు. ఐరోపావారు నాలుగేళ్లకొక రోజును ఫిబ్రవరిలో చేర్చారు. మాయా ప్రజలు ఏ చక్రంలోనూ ఒక్క రోజును కూడా అదనంగా చొప్పించలేదు. భిన్నాలు వాడలేదు, దశాంశాలు వాడలేదు. ప్రతి చక్రాన్నీ దాని దారిన తిరగనిచ్చి, ఎన్ని వేల రోజులకు ఏది దేనితో కలుస్తుందో పూర్ణాంకాల్లో రాసుకున్నారు. బడిలో నేర్చుకున్న క.సా.గు. గుర్తుంటే ఈ క్యాలెండర్‌లో సగం అర్థమైనట్టే.

ఆ చక్రాల్లో మూలమైనది 260 రోజులది. దీనికి పండితులు పెట్టిన పేరు త్సోల్కిన్. ఇందులో 1 నుంచి 13 వరకు అంకెలు, అహావ్, ఇమిష్, ఇక్ వంటి 20 దినాల పేర్లు ఉంటాయి. రెండూ ఏకకాలంలో ముందుకు జరుగుతాయి. మన వారమూ నక్షత్రమూ పక్కపక్కన నడిచినట్టే, ఈ రోజు 4 అహావ్ అయితే రేపు 5 ఇమిష్, ఎల్లుండి 6 ఇక్. పదమూడుకూ ఇరవైకీ సామాన్య కారణాంకం లేదు కాబట్టి, అదే అంకె అదే పేరుతో మళ్లీ జతకట్టడానికి 260 రోజులు పడుతుంది. రెండో చక్రం హాబ్. ఇరవై రోజుల నెలలు పద్దెనిమిది, చివర వయేబ్ అనే ఐదు అశుభ దినాలు, మొత్తం 365. లీపు దినం లేనందున ఈ చక్రం రుతువులతో పోలిస్తే నాలుగేళ్లకు దాదాపు ఒక రోజు చొప్పున జరిగిపోతుంది. ఆ సంగతి వారికి తెలిసినా చక్రాన్ని ఆపలేదు.

ఈ రెండు చక్రాలనూ కలిపి చెబితే తేదీ వస్తుంది. ఉదాహరణకు 4 అహావ్ 8 కుమ్కు. 260, 365 సంఖ్యల క.సా.గు. 18,980 రోజులు, అంటే 52 హాబ్‌లు. ఆ తరువాత అదే పేరు మళ్లీ వస్తుంది. ఒక శాసనంలో ప్రభవ నామ సంవత్సరం అని మాత్రమే ఉండి శకం లేకపోతే ఏ ప్రభవ అన్న సందేహం ఎలా వస్తుందో, ఇక్కడా అలాగే వస్తుంది.

ఆ చిక్కును దగ్గరగా చూడడానికి మెక్సికోలోని పలేంకే నగరానికి వెళ్లాలి. అక్కడి శాసనాల ఆలయం అడుగున ఉన్న సమాధి గదిని 1952లో పురావస్తు శాస్త్రవేత్త అల్బెర్తో రూస్ లూయియే తెరిచాడు. అది పకాల్ అనే రాజుది. రాతి శవపేటిక మూత అంచున అతని మరణ తేదీ 6 ఎట్స్‌నాబ్ 11 యాష్ అని చెక్కి ఉంది. పకాల్ క్రీ.శ. 603లో పుట్టి 683 ఆగస్టు నెలాఖరులో చనిపోయాడు. అదే పేరు గల రోజు అతని జీవితంలో 631లో కూడా ఒకసారి వచ్చి వెళ్లింది. అప్పటికి అతని వయసు 28. పేరు ఒక్కటే ఉంటే రాజు యువకుడిగా పోయాడా, ఎనభై ఏళ్ల వృద్ధుడిగా పోయాడా తేలదు.

ఈ సందేహానికి తావులేకుండా చేసేది దీర్ఘగణన. ఇది ఒక మూల దినం నుంచి నేటికి ఎన్ని రోజులు గడిచాయన్న లెక్క, అంతే. రోజు పేరు కిన్. 20 కిన్‌లు ఒక వినాల్. 18 వినాల్‌లు, అంటే 360 రోజులు, ఒక టున్. 20 టున్‌లు ఒక కటున్. 20 కటున్‌లు ఒక బక్తున్, అంటే 1,44,000 రోజులు. పకాల్ మరణ దినం ఈ గణనలో 9.12.11.5.18. విప్పి చూద్దాం: 12,96,000కు 86,400, దానికి 3,960, ఆపై 100, చివర 18 కలిపితే 13,86,478 రోజులు. మూల దినం 4 అహావ్ 8 కుమ్కు. మన సంఖ్యను 13తో భాగిస్తే శేషం 2, కాబట్టి 4కు 2 కలిపి 6. ఇరవైతో భాగిస్తే శేషం 18. అహావ్ తరువాత పద్దెనిమిదో పేరు ఎట్స్‌నాబ్. 365తో భాగిస్తే శేషం 208. 8 కుమ్కు నుంచి అన్ని రోజులు ముందుకు నడిస్తే 11 యాష్ దగ్గర ఆగుతాం. శవపేటిక అంచున ఉన్నదీ అదే. పదమూడు శతాబ్దాల నాటి రాతి మీద లెక్క ఇలా తాళం చెవిలా సరిపోవడం, కాగితం కలం పట్టుకొని చేసి చూసినవారికి మరచిపోలేని అనుభవం.

ఈ గణన మాయా ప్రజల సొంత కల్పన అని చెప్పడానికి వీల్లేదు. ఇలాంటి తేదీల్లో చాలా పాతది క్రీ.పూ. 36 నాటిది, అది చియాపా దె కోర్సోలో, మాయా ప్రాంతపు అంచుకు వెలుపల దొరికింది. మాయా నగరాల్లో మనకు తెలిసిన పాత తేదీల్లో ఒకటి టికాల్‌లోని 29వ శిల మీద ఉన్న క్రీ.శ. 292. చివరిది తోనినాలో ఉంది, క్రీ.శ. 909. అయితే ఈ పద్ధతిని పట్టుకొని ఇంత దూరం తీసుకువెళ్లినవారు మాత్రం మాయా లేఖకులే.

మూల దినం మన క్యాలెండర్‌లో క్రీ.పూ. 3114 ఆగస్టు 11. తెలుగువారికి ఇక్కడ కలియుగారంభం గుర్తుకు రావడం సహజం. మన సిద్ధాంత గ్రంథాల అహర్గణం కూడా కలి ఆరంభం నుంచి లెక్కించే రోజుల సంఖ్యే. ఆ ఆరంభం క్రీ.పూ. 3102. రెండింటి మధ్య దూరం పదకొండున్నర ఏళ్లే. దీన్ని పట్టుకొని మయుడికీ మాయా ప్రజలకూ చుట్టరికం కలిపే రాతలు తెలుగులో తరచూ కనిపిస్తాయి. పద్ధతిలో పోలిక నిజమే, చుట్టరికానికి ఆధారం లేదు. కలి ఆరంభం గ్రహాల సగటు స్థానాలన్నీ మేషాదిలో కలిసే రోజు కోసం వెనక్కి లెక్కించి మన జ్యోతిష్కులు స్థిరపరచుకున్నది. మాయా మూల దినం పదమూడు బక్తున్‌ల వెనుకటి సృష్టి దినం. ఒకే అవసరం రెండు చోట్ల ఒకే ఉపాయాన్ని పుట్టించింది: ఆకాశాన్ని శతాబ్దాల తరబడి లెక్కించాలంటే నెలలూ ఏళ్లూ పక్కనబెట్టి వట్టి రోజులను లెక్కించడమే తేలిక.

ఇప్పుడు శుక్రుడి పుటలకు తిరిగి వద్దాం. ఐదు శుక్ర చక్రాలు 2,920 రోజులు. ఎనిమిది హాబ్‌లూ అన్నే. అరవై ఐదు శుక్ర చక్రాలు 37,960 రోజులు, అంటే సరిగ్గా 146 త్సోల్కిన్‌లు, 104 హాబ్‌లు. కాబట్టి 1 అహావ్ రోజున శుక్రుడు ఉదయించాడని మొదలుపెడితే, 104 ఏళ్ల తరువాత మళ్లీ 1 అహావ్ నాడే ఉదయించాలి. మాయా శాస్త్రంలో ఆ దినం శుక్రుడి సొంత దినం. కాని నిజమైన చక్రం 584 కంటే కొంచెం తక్కువ. చక్రానికి గంటా యాభై నిమిషాలు చొప్పున తేడా పడి, 104 ఏళ్లు గడిచేసరికి శుక్రుడు పుస్తకం చెప్పిన దానికంటే ఐదు రోజులు ముందే ఉదయిస్తాడు.

ఐదు రోజులు తీసేస్తే ఆకాశంతో సరిపోతుంది గాని, 1 అహావ్ చెదిరిపోతుంది. వారు కనిపెట్టిన ఉపాయం ఇది: అరవై ఐదు వరకు పోకుండా అరవై ఒకటో చక్రం దగ్గర ఆగాలి. అప్పటికి 35,624 రోజులు. అందులో నాలుగు తీసేస్తే 35,620, అంటే సరిగ్గా 137 త్సోల్కిన్‌లు. ఆకాశపు తప్పు చాలావరకు సరి అవుతుంది, రోజు మళ్లీ 1 అహావ్ అవుతుంది. మిగిలే తేడా పోగుపడినప్పుడు యాభై ఏడో చక్రం దగ్గర ఆగి ఎనిమిది రోజులు తీసేయాలి. 33,288లో ఎనిమిది పోగా మిగిలిన 33,280 కూడా 260కి గుణిజమే. మొదటి సవరణ నాలుగుసార్లు, రెండోది ఒకసారి చేస్తే 301 చక్రాలకు 24 రోజులు తగ్గి 1,75,760 రోజులు వస్తాయి. సగటు 583.92. దాదాపు 481 ఏళ్ల కాలంలో తేడా ఒక రోజు కూడా ఉండదు. సవరణలన్నీ ఈ వరుసలోనే జరిగాయని పుస్తకం విడమరచి చెప్పలేదు. అందులోని గుణిజాల పట్టికను చూసి, వృత్తిరీత్యా రసాయన ఇంజినీరైన జాన్ టీపుల్ చేసిన నిర్మాణం ఇది. ఈ పట్టికలోని మూల సూత్రాలను అంతకుముందే, 1880ల నుంచి, డ్రెస్డెన్ గ్రంథాలయాధికారి ఎర్న్‌స్ట్ ఫ్యోర్‌స్టెమాన్ వెలికితీశాడు. ఒక్క మాయా అక్షరమైనా చదవడం రాకుండానే, అంకెల బలంతోనే ఆయన ఆ పని చేశాడన్నది గుర్తుంచుకోవాలి.

తరువాతి పుటల్లో, 51 నుంచి 58 వరకు, గ్రహణాల పట్టిక ఉంది. మొత్తం 405 చాంద్రమాసాలు, అంటే దాదాపు 33 ఏళ్లు. వాటిని 69 గుంపులుగా విడగొట్టారు. అరవై గుంపులు ఆరేసి నెలలవి, తొమ్మిది ఐదేసి నెలలవి. అందుకే 177, 178, 148 అన్న సంఖ్యలు మళ్లీ మళ్లీ వస్తాయి. కారణం మనకు తెలిసినదే: సూర్యుడు రాహువు దగ్గరో కేతువు దగ్గరో ఉన్నప్పుడు వచ్చే అమావాస్యకో పున్నమికో గ్రహణం పడుతుంది. ఒక బిందువు నుంచి రెండో బిందువుకు సూర్యుడు చేరడానికి 173.31 రోజులు, దానికి దగ్గరగా పడేవి ఆరు నెలలు, అప్పుడప్పుడు ఐదు నెలలు. ఇలాంటి మూడు విరామాలు కలిస్తే 519.93 రోజులు, అంటే దాదాపు రెండు త్సోల్కిన్‌లు. దీని ఫలితం చాలా పెద్దది. 260 రోజుల చక్రంలో గ్రహణ ప్రమాదం ఉన్న రోజులు మూడు చోట్ల గుంపులుగా పడి, తరం పాటు ఆ చోట్లనే ఉంటాయి. పూజారి ఆకాశం వైపు చూడకుండానే, రోజు పేరు విని గ్రహణం పడవచ్చునో లేదో చెప్పగలడు. ఇక 405 చాంద్రమాసాలంటే నిజానికి 11,959.89 రోజులు, మాయా లెక్క 11,960, అంటే 46 త్సోల్కిన్‌లు. ఈ పట్టిక ఫలానా ఊరిలో గ్రహణం కనబడి తీరుతుందని చెప్పదు. గ్రహణం పడే అవకాశం ఉన్న రోజులేవో ముందుగా హెచ్చరిస్తుంది. రాజులకు కావలసిందీ అదే.

ఇలాంటి లెక్కలు పుస్తకాల్లోనే ఉండేవని చాలాకాలం అనుకున్నారు. గ్వాటెమాలాలోని షుల్తూన్‌లో, తొమ్మిదో శతాబ్దపు ఆరంభానికి చెందిన ఒక చిన్న గది గోడల మీద 177, 178 రోజుల చొప్పున పెరుగుతూ 4,784 దాకా వెళ్లే చంద్ర పట్టిక బయటపడినట్టు 2012లో ప్రకటించారు. అది 162 చాంద్రమాసాలు. లేఖకులు మనం నల్లబల్ల వాడినట్టు గోడను వాడుకున్నారు.

అన్నిటినీ 260కే ఎందుకు కట్టారు? ఒక వివరణ మనిషి గర్భధారణ కాలం ఇంచుమించు అంతేనన్నది. కిచే మాయా భాషలో వినాక్ అంటే మనిషి. ఇరవై అన్న మాట కూడా ఆ మాటతోనే ఏర్పడింది, చేతివేళ్లూ కాలివేళ్లూ కలిపి. రెండో వివరణ సూర్యుడిది. ఉష్ణమండలంలో సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. కోపాన్ అనే మాయా నగరం ఉన్న 14.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఆ రెండు రోజులు ఏప్రిల్ నెలాఖరులోనూ ఆగస్టు రెండో వారం చివరలోనూ పడతాయి. ఆగస్టు నుంచి మళ్లీ ఏప్రిల్ దాకా 260 రోజులు, మిగిలినవి 105. మన అనంతపురం ఇంచుమించు ఇదే అక్షాంశం మీద ఉంది. అక్కడ ఆగస్టు 13 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం ఒక కర్రను నిలువుగా పాతి నీడ మాయమవడం చూసి, ఏప్రిల్ 30 ప్రాంతంలో మళ్లీ చూస్తే, ఎవరైనా ఈ 260ని తమ పెరట్లోనే లెక్కించవచ్చు. నా దృష్టిలో ఈ రెండు వివరణలు ఒకదానికొకటి పోటీ కావు. పదమూడు, ఇరవై అన్న లెక్క ముందే చేతిలో ఉన్న జనానికి కడుపులోని బిడ్డా నెత్తిమీది సూర్యుడూ ఒకే సంఖ్యను చూపిస్తే, దానిని పవిత్రంగా భావించడం సహజం.

కట్టడాల సాక్ష్యం కూడా అటే మొగ్గుతోంది. వాషక్తున్ అనే మాయా నగరంలోని ఒక పిరమిడ్ మీద నిలబడి ఎదురుగా ఉన్న మూడు కట్టడాలను చూస్తే, అయనాంతాల్లోనూ విషువత్తుల్లోనూ సూర్యోదయాలు వాటికి సూటిగా పడతాయని 1924లో ఫ్రాన్స్ బ్లోమ్ గమనించాడు. అలాంటి కట్టడాల్లో ఎక్కువ శాతం అయనాంతాలకు సరిపోవని తరువాతి కొలతల్లో తేలింది. విమానం నుంచి లేజర్ కిరణాలతో నేలను కొలిచి, క్రీ.పూ. 1100 నుంచి క్రీ.శ. 250 వరకు కట్టిన వందలాది ఆరాధనా ప్రాంగణాలను పరిశీలించిన అధ్యయనం 2023లో వెలువడింది. వాటిలో ఎక్కువగా కనిపించే దిశ ఫిబ్రవరి 11, అక్టోబర్ 29 తేదీల సూర్యోదయాలది. ఆ రెండింటి మధ్య సరిగ్గా 260 రోజులు. రాత దొరకడానికి ఎన్నో శతాబ్దాల ముందే ఈ సంఖ్య మట్టిలో నాటుకుంది. మాయా ప్రాంతంలో దినం పేరు రాతలో కనిపించే పాత ఆధారం గ్వాటెమాలాలోని సాన్ బార్తోలోలో దొరికిన గోడచిత్రపు ముక్క. మూడో శతాబ్దం నాటి, అదీ క్రీస్తుకు పూర్వం, 7 జింక అన్న దినం దాని మీద ఉంది. చిచెన్ ఇత్సా అనే మాయా నగరంలో విషువత్తు నాడు పిరమిడ్ మెట్ల పక్కన పాకే పాము నీడను చూడడానికి వేలమంది వెళతారు గాని, అది చాలా రోజుల పాటు కనిపిస్తుంది. కట్టినవారు ఆ ఒక్క దినాన్నే ఉద్దేశించారనడానికి అది చాలదు.

2012 డిసెంబర్ 21 గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ఆనాడు పదమూడు బక్తున్‌లు పూర్తయ్యాయి, రోజు మళ్లీ 4 అహావ్ అయింది. తోర్తుగేరోలోని ఒక శాసనం ఆ తేదీని ప్రస్తావించింది. ప్రపంచం అంతమవుతుందని మాయా ప్రజలు నమ్మి ఉంటే, పకాల్ ఆలయంలోని శాసనం క్రీ.శ. 4772 దాకా ముందుకు లెక్కించి ఉండేది కాదు.

ఇక ఒక ప్రశ్న మిగిలింది. మాయా తేదీని మన తేదీగా ఎలా మారుస్తారు? 1562లో యుకతాన్‌లోని మనీ ఊళ్లో దియేగో దె లాందా అనే క్రైస్తవ మతాధికారి మాయా పుస్తకాలను గుట్టపోసి తగలబెట్టించాడు. అదే లాందా తరువాత తన వృత్తాంతంలో దినాల పేర్లను, ఒక మాయా తేదీకి సరిపడే ఐరోపా తేదీని రాసిపెట్టాడు. ఆ ఆధారాలతో 1905లో జోసెఫ్ గుడ్‌మాన్ అనే పత్రికా సంపాదకుడు మాయా తేదీలను మన తేదీలతో జోడించే ఒక సంబంధాన్ని ప్రతిపాదించాడు. హువాన్ మార్తీనెస్, ఎరిక్ థాంప్సన్ దాన్ని సవరించారు. టికాల్ ఆలయ ద్వారబంధపు చెక్కను రేడియోకార్బన్‌తో పరీక్షించినప్పుడు ఈ సంబంధమే సరిపోయిందని 2013లో తేలింది. అయినా రెండు రోజుల తగవు మిగిలిపోయింది. మాయా రోజుల లెక్కను మన లెక్కకు మార్చడానికి కలపాల్సిన సంఖ్యల్లో ఒకటి ఖగోళ లెక్కలకు కాస్త బాగా పొసగుతుందని కొందరు, రెండు రోజుల ముందరి సంఖ్యే సరైనదని మరికొందరు వాదించారు.

ఈ తగవులో సాక్ష్యం చెప్పగలవారు గ్వాటెమాలా ఎత్తైన ప్రాంతాల్లో ఇప్పటికీ ఉన్నారు. మోమోస్తెనాంగో పరిసరాల్లో అహ్‌కీహ్ అని పిలిచే కిచే దినపాలకులు ఎర్రని త్సితే గింజలను నాలుగేసి చొప్పున కుప్పలు వేసి, ఒక్కొక్క కుప్పకు ఒక్కొక్క రోజు పేరు పలుకుతూ లెక్కిస్తారు. కొత్త దినపాలకులను దీక్షకు స్వీకరించే రోజు 8 బత్స్, 260 రోజులకొకసారి వస్తుంది. దీర్ఘగణన ఎప్పుడో ఆగిపోయినా, స్పెయిన్ పాలన వచ్చి పోయినా, ఈ దినాల వరుస ఒక్క రోజు కూడా తప్పలేదు. వారు ఈ ఉదయం పలికే పేరును పట్టుకొని వెనక్కి లెక్కించుకుంటూ పోతే, ముందరి సంఖ్యతోనే సరిగ్గా కలుస్తుంది. పకాల్ శవపేటిక మీది తేదీని నేడు చాలామంది పండితులు లెక్కించేది వారి గింజలకు సరిపోయే ఆ సంఖ్యతోనే.